ఎయిర్‌పోర్ట్ పక్కన ఆఫీసు, గోడౌన్: అడిగినంత అద్దె కట్టొచ్చా?

ముందే తేల్చి చెప్పేస్తాను. మీ సరుకు రాత్రికి రాత్రి విమానం ఎక్కి తీరాల్సిందైతే, లేదా మీ కంపెనీలో ముఖ్యమైన మనుషులు వారానికోసారి విమానం ఎక్కేవాళ్లైతే, ఎయిర్‌పోర్ట్ పక్కన చోటు తీసుకోండి, అద్దె కాస్త ఎక్కువైనా గిట్టుబాటవుతుంది. ఈ రెండిట్లో ఏదీ కాకపోతే వద్దు. అదే డబ్బుకి ఊళ్లోనే మంచి చోటు దొరుకుతుంది, స్టాఫ్ కూడా సంతోషిస్తారు.

కంపెనీలకి ఆఫీసు ఎక్కడ పెట్టాలి, గోడౌన్ ఎక్కడ పెట్టాలి అని చూసిపెట్టడమే నా పని కాబట్టి ఎయిర్‌పోర్టుల చుట్టుపక్కల బిజినెస్ పార్కులు, లాజిస్టిక్స్ పార్కులు చాలానే తిరిగాను. ప్రయాణికులు రాసే రివ్యూల్లో టెర్మినల్ శుభ్రత, సెక్యూరిటీ క్యూ, లాంజ్ గురించి ఉంటుంది. నేను రాసేది వేరు. ఒక ఊరికీ, ఆ ఊళ్లో వ్యాపారం పెట్టాలనుకునేవాళ్లకీ ఎయిర్‌పోర్ట్ ఏం ఇస్తుంది, ఎంతవరకు ఇస్తుంది, ఎప్పుడు హ్యాండిస్తుంది, అదీ ఈ రివ్యూ.

బ్రోచర్ల దగ్గర మొదలుపెడదాం. అన్నిటిలోనూ ఒకటే లైను: "ఎయిర్‌పోర్ట్‌కి 10 నిమిషాలు". ఎయిర్‌పోర్ట్ అంటే ఏ గేటుకి? ఒక లాజిస్టిక్స్ పార్కు చూడ్డానికి వెళ్తే అక్కడి మేనేజర్ నన్ను గోడౌన్ డాబా మీదకి తీసుకెళ్లాడు. ఎదురుగా రన్‌వే, దిగుతున్న విమానం చక్రాలు కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయి. కార్గో టెర్మినల్ ఎక్కడండీ అంటే రన్‌వేకి అవతలి వైపు చూపించాడు. రన్‌వే మీంచి లారీ పోదు కదా! కాంపౌండ్ గోడ చుట్టూ తిరిగి, ప్రయాణికుల కార్లు పోయే రోడ్డులోనే కలిసి, చివరికి కార్గో గేటు ముందు లారీల వరసలో నిలబడాలి. నేను కిందికి దిగి ఆ వరసలో ఉన్న డ్రైవర్లనే అడిగాను. సాయంత్రం పూట గేటు దాటడానికే గంట పైన పడుతుందనీ, కట్-ఆఫ్ టైం దాటితే సరుకు మర్నాడు విమానానికేననీ చెప్పారు. పది నిమిషాల దూరంలో కూర్చుని ఒక రోజు పోగొట్టుకోవడం అంటే ఇదే. అందుకే కిలోమీటర్లు లెక్కేయకండి. మీ ప్యాకింగ్ బల్ల మీంచి లేచిన పెట్టె కస్టమ్స్, స్క్రీనింగ్ అన్నీ అయిపోయి విమానంలోకి ఎక్కేదాకా ఎంతసేపు పడుతుందో అదొక్కటే లెక్కేయండి.

ఈ రాత్రి కార్గో సర్వీసు పూర్తిస్థాయిలో పనిచేస్తే ఎలా ఉంటుందో చూడాలంటే అమెరికాలో మెంఫిస్ చూడాలి. 1973 ఏప్రిల్ 17 రాత్రి ఫెడరల్ ఎక్స్‌ప్రెస్ (ఇవాళ్టి ఫెడెక్స్ కొరియర్ కంపెనీ) అక్కడ పని మొదలుపెట్టినప్పుడు 14 చిన్న విమానాలు, 25 ఊళ్లు, మొత్తం 186 ప్యాకెట్లు. ఫ్రెడ్ స్మిత్ పెట్టిన ఈ కంపెనీ మొదట లిటిల్‌రాక్‌లో ఉండేది, మెంఫిస్‌కి మారింది. ఆ ఊరు దేశానికి మధ్యలో ఉంది, వాతావరణం బాగోలేక ఎయిర్‌పోర్ట్ మూతపడే రాత్రులు తక్కువ, ఎయిర్‌పోర్ట్ వాళ్లు కూడా కావాల్సిన మార్పులు చేసిపెట్టడానికి ముందుకొచ్చారు. అర్ధరాత్రి అన్ని వైపుల నుంచీ విమానాలు దిగుతాయి, సరుకు వేరుచేస్తారు, తెల్లారేలోపు మళ్లీ అన్ని వైపులకీ లేస్తాయి. 1993 నుంచి 2009 దాకా ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ కార్గో నడిపిన ఎయిర్‌పోర్ట్ అదే. దీనివల్ల పక్కనున్న గోడౌన్‌కి వచ్చే లాభం ఏంటంటే, వేరే ఊళ్లో సాయంత్రానికే ఆర్డర్లు ఆపేయాల్సిన వ్యాపారి ఇక్కడైతే రాత్రి పొద్దుపోయేదాకా ఆర్డర్ తీసుకుని కూడా మర్నాడు పొద్దున్నే సరుకు అందించగలడు. మందులు, వైద్య పరికరాలు, మెషీన్ల స్పేర్ పార్టులు అమ్మేవాళ్లకి ఆ నాలుగైదు గంటలే లాభం, మిగతాదంతా పక్కనపెట్టేయొచ్చు.

విమానంలో పోయే సరుకు బరువులో చూస్తే ప్రపంచ వ్యాపారంలో ఒక శాతం కూడా ఉండదు, విలువలో చూస్తే మూడో వంతు దాకా ఉంటుంది. మీ సరుకు ఆ చిన్న బరువు, పెద్ద విలువ గుంపులో ఉందా లేదా అన్నది మీకే తెలుసు. టైల్స్, సిమెంటు, ఫర్నిచర్ లాంటివి అమ్ముతూ ఎయిర్‌పోర్ట్ పక్కన గోడౌన్ తీసుకుంటే మీరు వాడని సర్వీసుకి నెలనెలా డబ్బు కడుతున్నట్టే.

రాత్రి అన్నాను కాబట్టి ఆ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది అసలు అడగని ప్రశ్న ఇది. రాత్రిపూట ఈ ఎయిర్‌పోర్ట్ తెరిచి ఉంటుందా? కొరియర్ కంపెనీ డీహెచ్ఎల్ యూరప్ హబ్ (విమానాలన్నీ వచ్చి కలిసే ప్రధాన కేంద్రం) ఒకప్పుడు బ్రస్సెల్స్‌లో ఉండేది. రాత్రి విమానాలు పెంచుకుంటామని అడిగితే, చుట్టుపక్కల జనం నిద్ర గురించి పెద్ద గొడవ నడిచి, 2004లో బెల్జియం ఒప్పుకోలేదు. 2008 నాటికి హబ్ జర్మనీలోని లైప్‌జిగ్‌కి వెళ్లిపోయింది, అక్కడ కార్గోకి రాత్రంతా అనుమతి ఉంది కాబట్టి. అదే జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ చూడండి, ఎంతో పెద్ద ఎయిర్‌పోర్ట్, కానీ 2011 అక్టోబర్ నుంచి రాత్రి 11 నుంచి పొద్దున 5 దాకా షెడ్యూల్డ్ విమానాలు లేవు. ఒకే దేశంలో రెండు ఎయిర్‌పోర్టులు, ఒకటి రాత్రి పనివాళ్లకి, ఇంకోటి పగటి పనివాళ్లకి. రన్‌వే పొడవు, టెర్మినల్ అందం ఏవీ ఈ తేడాని పూడ్చలేవు. ఇక్కడ బ్రస్సెల్స్ జనాన్ని నేను తప్పుపట్టను. రాత్రి రెండింటికి నెత్తి మీంచి విమానం పోతుంటే పిల్లలు ఎలా పడుకుంటారు? ఆ నిద్ర ఖర్చు ఏ బ్రోచర్‌లోనూ ఉండదు, కానీ ఎప్పటికైనా అది కర్ఫ్యూ (రాత్రి విమానాల నిషేధం) రూపంలో మీ లీజు మీదకే వస్తుంది. గోడౌన్ చూడ్డానికి వెళ్లినప్పుడు చుట్టూ కొత్త అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయేమో కూడా చూడండి. ఇవాళ ఖాళీ స్థలం, రేపు ఫిర్యాదులు, ఎల్లుండి రాత్రి నిషేధం.

ఇక ఆఫీసుల సంగతి. ఇది వేరే సర్వీసు, దీన్ని వేరేగానే చూడాలి. ఆర్థికవేత్త జాన్ బ్రూక్నర్ 2003లో అమెరికా నగరాల లెక్కలు తీసి, విమాన ప్రయాణికులు 10 శాతం పెరిగితే ఆ ప్రాంతంలో సర్వీసు రంగం ఉద్యోగాలు సుమారు 1 శాతం పెరుగుతాయనీ, తయారీ రంగం ఉద్యోగాల మీద మాత్రం అలాంటి ప్రభావం కనిపించలేదనీ తేల్చాడు. యూరప్ నగరాల మీద బెల్, ఫగేడా అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2008లో ఇంకా సూటిగా చూశారు. వేరే ఖండాలకి నేరుగా వెళ్లే విమానాలు 10 శాతం పెరిగితే పెద్ద కంపెనీల హెడ్ ఆఫీసులు 4 శాతం దాకా పెరుగుతాయని వాళ్ల లెక్క. నేను రోజూ చూసేదానికి ఇది సరిగ్గా సరిపోతుంది. హెడ్ ఆఫీసు వెతికేవాళ్లు రన్‌వే ఎంత దగ్గరో అడగరు, ఫలానా ఊరికి నేరుగా విమానం ఉందా, పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చా అని అడుగుతారు. ఇంకో పరిశోధన నాకు బాగా నచ్చింది. జేవియర్ జిరూ 2013లో చూపించింది ఏంటంటే, హెడ్ ఆఫీసుకీ ఫ్యాక్టరీకీ మధ్య ప్రయాణం తగ్గించే కొత్త విమానం మొదలైతే ఆ ఫ్యాక్టరీలో పెట్టుబడి 8 నుంచి 9 శాతం పెరిగింది. పెద్దాయన తరచూ వచ్చి చూడగలిగిన చోటే డబ్బు పెడతాడు, అంతే సంగతి.

ఆఫీసు సర్వీసులో నేను ఎక్కువ మార్కులు ఇచ్చేది ఆమ్‌స్టర్‌డామ్‌కి. స్కిపోల్ ఎయిర్‌పోర్ట్ టెర్మినల్ కిందే రైల్వే స్టేషన్ ఉంది, 1978 నుంచి. ఊరి దక్షిణం వైపు జైదాస్ అనే ఆఫీసుల ప్రాంతానికి అక్కణ్నుంచి రైల్లో పది నిమిషాలు కూడా పట్టదు. నగరపాలక సంస్థేమో పాత ఊరి నీటి ఒడ్డున పెద్ద బ్యాంకుల ఆఫీసులు రావాలని ప్లాన్ వేసుకుంది. ఏబీఎన్ ఆమ్రో బ్యాంకు ఆ ప్లాన్‌ని పక్కనపెట్టి జైదాస్‌లో హెడ్ ఆఫీసు కట్టుకుని 1999లో అక్కడికి మారింది, ఆ వెనకే లాయర్లు, ఆడిటర్లు, మిగతా బ్యాంకులు. ఊరి నడిబొడ్డు ఏదో ప్లాన్ వేసినవాళ్లు కాకుండా ఎయిర్‌పోర్టూ రైలూ కలిసి తేల్చేశాయి. నాకు నచ్చేది ఏంటంటే జైదాస్ ఎయిర్‌పోర్ట్‌ని ఆనుకుని లేదు, ఊరికీ ఎయిర్‌పోర్ట్‌కీ మధ్యలో ఉంది. సైకిల్ మీద ఇంటి నుంచి ఆఫీసుకి రావచ్చు, ఆఫీసు నుంచి రైలెక్కి విమానానికి పోవచ్చు. ఎయిర్‌పోర్ట్ గేటు పక్కనే ఆఫీసు పెడితే విమానం ఎక్కే కొద్దిమందికే బావుంటుంది, రోజూ పనికొచ్చే మిగతా అందరికీ ఊరి నుంచి అంతదూరం రానూపోనూ టెన్షనే. ఆఫీసు కుర్రాళ్లు ఉద్యోగం మానేయడానికి ఈ కారణం చెప్పడం నేను ఎన్నోసార్లు విన్నాను.

ఎయిర్‌పోర్ట్‌లోనే ఆఫీసు కావాలనుకుంటే మాత్రం ఫ్రాంక్‌ఫర్ట్‌లో ద స్క్వేర్ అనే బిల్డింగు చూసి రండి. 660 మీటర్ల పొడవున, సరిగ్గా హైస్పీడ్ రైళ్ల స్టేషన్ నెత్తిమీద కట్టారు. 2011లో తెరిచారు. ఆడిట్ కంపెనీ కేపీఎంజీ అందులో పెద్ద ఆఫీసు తీసుకుంది, హిల్టన్ హోటళ్లు కూడా అదే కప్పు కింద. మీటింగ్‌కి వచ్చినవాళ్లు విమానం దిగి, నడుచుకుంటూ ఆఫీసుకొచ్చి, పని చూసుకుని, కింద రైలెక్కి వేరే ఊరికి పోవచ్చు, ట్యాక్సీ మాటే లేదు. ఆడిటర్ల లాంటివాళ్లకి ఇది బాగా కుదిరింది, ఎందుకంటే వాళ్ల పనే క్లయింట్ల చుట్టూ తిరగడం. సాఫ్ట్‌వేర్ టీంని, కాల్ సెంటర్‌ని మాత్రం అక్కడ కూర్చోపెట్టమని నేను చెప్పను.

డల్లస్–ఫోర్ట్‌వర్త్ గురించి క్లుప్తంగా. 1974లో రెండు ఊళ్ల మధ్య ఖాళీ భూమిలో 17 వేల ఎకరాలకి పైగా స్థలంలో ఎయిర్‌పోర్ట్ తెరిచారు. 1979లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ న్యూయార్క్ వదిలి అక్కడికి మారింది, పక్కనే లాస్ కొలినాస్‌లోకి 1980లలో కింబర్లీ-క్లార్క్, ఆ తర్వాత ఎక్సాన్ హెడ్ ఆఫీసులు వచ్చాయి. పన్నులు తక్కువ, భూమి చవక అన్న కారణాలు కూడా ఉన్నాయి, అంతా ఎయిర్‌పోర్ట్ మహిమ అని చెప్పడం సరికాదు. కానీ చవక భూమి ఇంకా చాలాచోట్ల దొరుకుతుంది, అమెరికా ఏ మూలకైనా కొన్ని గంటల్లో వెళ్లి రాగలగడమే ఇక్కడ అదనం.

ఇప్పుడు ఈ సర్వీసులో నాకు బొత్తిగా నచ్చని విషయం. దీనికి గ్యారంటీ లేదు. ఎయిర్‌పోర్ట్ ఎక్కడికీ పోదు గానీ విమానాలు పోతాయి. అమెరికాలో సిన్సినాటి ఒకప్పుడు డెల్టా ఎయిర్‌లైన్స్‌కి పెద్ద హబ్. ఆ కంపెనీ విమానాలు తగ్గించుకుంటూ పోయేసరికి, అరటిపళ్ల కంపెనీ చికీటా 2011లో తన హెడ్ ఆఫీసుని షార్లెట్‌కి మారుస్తానని ప్రకటించింది, విమాన సౌకర్యం కూడా ఒక కారణమని చెప్పే. అంత పెద్ద ఎయిర్‌పోర్ట్ కట్టి, ఏళ్లతరబడి నడిపిన ఊరు ఒక ఎయిర్‌లైన్ ఆఫీసులో తీసుకున్న నిర్ణయంతో జారిపోయింది. ఇంకోపక్క జరిగింది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అప్పటికే 2009లో డీహెచ్ఎల్ తన అమెరికా హబ్‌ని అక్కడికి తెచ్చుకుంది, 2021లో అమెజాన్ తన విమానాల హబ్ తెరిచింది. హెడ్ ఆఫీసుల ఊరుగా మార్కులు పోగొట్టుకున్న ఎయిర్‌పోర్టే గోడౌన్ల ఊరుగా మార్కులు తెచ్చుకుంది. మెంఫిస్‌లోనూ అంతే, 2013లో డెల్టా ప్రయాణికుల హబ్ ఎత్తేసింది, కార్గో చెక్కుచెదరలేదు. అందుకే "ఈ ఊరికి మంచి ఎయిర్‌పోర్ట్ ఉందా" అని ఎవరైనా అడిగితే, ఎవరికి మంచి అని నేను ఎదురు అడుగుతాను.

కట్టేసి చూద్దాం, కంపెనీలే వస్తాయి అనుకున్న చోట ఏమవుతుందో చెప్పడానికి మాంట్రియల్ చాలు. 1975లో మిరాబెల్ ఎయిర్‌పోర్ట్ తెరిచారు, దాని కోసం సుమారు 97 వేల ఎకరాలు తీసుకున్నారు, పండే పొలాలు, తరాలుగా ఉంటున్న ఇళ్లు. అంతర్జాతీయ విమానాలు మిరాబెల్‌కి పంపి, దేశంలోపలి విమానాలు పాత డోర్వాల్‌లోనే ఉంచేశారు. ఒక విమానం దిగి ఇంకో విమానం ఎక్కాలంటే ఊరు దాటి ఇంకో ఎయిర్‌పోర్ట్‌కి పోవాలి. వేస్తామన్న రైలు ఎప్పటికీ రాలేదు. ప్రయాణికులు టొరంటో మీదుగా పోవడం మొదలుపెట్టారు. 2004లో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి, 2014లో టెర్మినల్ కూల్చడం మొదలుపెట్టారు. తీసుకున్న భూమిలో చాలాభాగం ప్రభుత్వం తర్వాత తిరిగి ఇచ్చేసింది, కానీ ఖాళీ చేసి వెళ్లిపోయిన రైతు కుటుంబాలకి ఆ ఏళ్లు ఎవరు తిరిగిస్తారు? ఎయిర్‌పోర్ట్ పేరుతో భూమి తీసుకునే ప్రతిచోటా ఈ ప్రశ్న ముందే అడగాలి, తర్వాత అడిగితే ఏం లాభం లేదు. ఒక్క మాట మాత్రం మిరాబెల్ పక్షాన చెప్పాలి. అక్కడ బెల్ హెలికాప్టర్లు 1986 నుంచి తయారవుతున్నాయి, ఎయిర్‌బస్ ఏ220 విమానాలు కూడా అక్కడే కూర్చుతున్నారు. రన్‌వేనే ఫ్యాక్టరీలో ఒక భాగంగా వాడుకునే పరిశ్రమకి ఊరికి దూరమైతే ఏంటి, ప్రయాణికులు లేకపోతే ఏంటి.

స్పెయిన్‌లో సియుదాద్ రియాల్ ఇంకా దారుణం. మాడ్రిడ్‌కి దక్షిణాన రెండు వందల కిలోమీటర్ల దగ్గర్లో ప్రైవేటు డబ్బుతో నాలుగు కిలోమీటర్ల రన్‌వే వేశారు, 2008లో మొదలై 2012లో మూతపడింది. పక్కనుంచే మాడ్రిడ్–సెవిల్ హైస్పీడ్ రైళ్లు పోతాయి, కానీ అక్కడ ఆగవు.

పాఠంలా చెప్పుకోదగ్గది ఐర్లండ్‌లో షానన్. ఒకప్పుడు అట్లాంటిక్ దాటే విమానాలు ఇంధనం కోసం తప్పనిసరిగా అక్కడ దిగేవి, ప్రపంచంలో మొదటి డ్యూటీఫ్రీ షాపు 1947లో అక్కడే పెట్టారు. జెట్ విమానాలు వచ్చాక దిగాల్సిన పనే లేకుండా పోతుందని తెలిసిపోయింది. అప్పుడు, ఆ షాపు పెట్టిన బ్రెండన్ ఓ'రీగన్ బృందం 1959లో ఎయిర్‌పోర్ట్ పక్కనే పన్ను రాయితీలతో ఫ్రీ జోన్ పెట్టి ఫ్యాక్టరీలని పిలిచింది, పనివాళ్ల కోసం ఊరు కూడా కట్టారు. 1975లో గిన్నెస్ పీట్ ఏవియేషన్ అక్కడే మొదలై, విమానాలు లీజుకిచ్చే వ్యాపారంలో ఐర్లండ్ ఇవాళ ఉన్న స్థాయికి దారి వేసింది. చైనా అధికారులు 1980లో వచ్చి దీన్ని చూసి వెళ్లారు, ప్రత్యేక ఆర్థిక మండళ్లు పెట్టే తొలిరోజుల్లో. ఇక్కడ రన్‌వే కొత్తగా చేసిందేమీ లేదు. స్థలం, పన్ను, కస్టమ్స్ పని అన్నీ ఒకేచోట తేలిపోయేలా మనుషులు ఏర్పాటు చేశారు. మీరు చూసే పార్కులో కస్టమ్స్ ఆఫీసరు కూర్చునే గది ఉందా, రాత్రి ఎవరైనా ఉంటారా అని నేను అడగమనేది ఇందుకే.

దక్షిణ కొరియాలో సొంగ్డో కథ కూడా ఇలాంటిదే. 2001లో ఇంచియాన్ ఎయిర్‌పోర్ట్ తెరిచారు, 2009లో 21 కిలోమీటర్ల వంతెన కట్టి సముద్రం పూడ్చిన నేల మీద లేస్తున్న సొంగ్డోకి కలిపారు. విదేశీ కంపెనీల ప్రాంతీయ హెడ్ ఆఫీసులు వస్తాయని ఆశ, సియోల్ వదిలి వాళ్లు అనుకున్నంతగా రాలేదు. కానీ సెల్‌ట్రియాన్, శామ్‌సంగ్ బయోలాజిక్స్ లాంటి బయో మందుల ఫ్యాక్టరీలు అక్కడ పెద్ద ఎత్తున ఎదిగాయి. చల్లగా ఉంచి, త్వరగా విమానంలో పంపాల్సిన, చిన్న బరువు పెద్ద విలువ సరుకు. మొదట చెప్పిన లెక్కే ఇక్కడా.

బిల్డింగు ఎత్తు గురించి కూడా చూసుకోండి. విమానాలు దిగే దారిలో ఎంత ఎత్తు కట్టొచ్చో పరిమితి ఉంటుంది, ఇంకో నాలుగు అంతస్తులు వేసుకుందాంలే అంటే కుదరదు. హాంకాంగ్‌లో కై టాక్ ఎయిర్‌పోర్ట్ 1998లో మూసేదాకా కౌలూన్ వైపు బిల్డింగులు పొట్టిగానే ఉండేవి. కొత్త ఎయిర్‌పోర్ట్‌కి రైలు వేసి, కౌలూన్ స్టేషన్ మీద 2010 నాటికి 484 మీటర్ల టవర్ లేపారు. ఎయిర్‌పోర్ట్ దూరం జరిగి, రైలు దగ్గరయ్యాకే ఆ చోటికి విలువ వచ్చిందన్నమాట.

లీజు మీద సంతకం పెట్టేముందు నేను చేయించే పని ఒకటుంది. మీరు వాడబోయే నాలుగైదు ఊళ్ల పేర్లు రాసుకుని, వాటికి నేరుగా విమానాలు ఎన్ని ఉన్నాయో, ఏ ఏ రోజుల్లో ఉన్నాయో, ఒకే ఎయిర్‌లైన్ చేతిలో ఉన్నాయో లేదో టైంటేబుల్ తీసి చూడండి. అన్నీ ఒక్క కంపెనీవే అయితే లీజు తక్కువ ఏళ్లకి రాయించుకోండి, లేదా ఆ విమానాలు ఆగిపోతే ముందే ఖాళీ చేసే హక్కు ఉండాలని ఒక షరతు పెట్టించండి. యజమాని ఒప్పుకోకపోతే అద్దె తగ్గించమనండి. ఎయిర్‌పోర్ట్ పేరు చెప్పి ఎక్కువ అద్దె అడుగుతున్నప్పుడు, ఆ ఎయిర్‌పోర్ట్ సర్వీసు తగ్గితే ఆ భారంలో ఆయనా సగం మోయాలి.